మెత్తని చెయ్యి

రాజుగారి వేణ్ణీళ్ళ తొట్టి చూసుకునే అసిరయ్యకు రోజూ ఇదే తంటా. ఆస్థాన వైద్యుడు పటికా సున్నం గుమ్మరిస్తాడు, నీళ్ళు తేరుకోకముందే స్నానానికి సిద్ధమంటాడు. నిన్న రాజుగారికి ఒళ్ళంతా దద్దుర్లెక్కితే, నీళ్ళు సరిగా చూడలేదని నేరం అసిరయ్య మీదికే తోశాడు.

ఇవాళ రాజుగారి ఎదుటే, "చెయ్యి పెట్టి చెప్పరా, బాగున్నాయా?" అని గద్దించాడు.

అసిరయ్య నీరసంగా మోచేతిదాకా ముంచాడు. "నాకేం తెలీట్లేదు బాబూ. ఇరవయ్యేళ్ళుగా తమ మందునీళ్ళలో నాని ఈ చెయ్యి మొద్దుబారిపోయింది. ప్రభువుల ఒంటికి ఎలా ఉంటుందో తెలియాలంటే అంత మెత్తని చెయ్యే ముంచాలి. ఇక్కడ అలాంటిది తమదొక్కటే."

రాజుగారు వైద్యుడి వైపు తిరిగారు. వైద్యుడు చేతులు వెనక్కి దాచుకుని, "ఇంకో రెండు ఘడియలు తేరుకోనిద్దాం ప్రభూ," అన్నాడు.

"రోజూ నేను మొత్తుకునేదీ అదే," అంటూ అసిరయ్య మెట్టుమీద కూలబడ్డాడు.