మరమరాల కోసం కొరికిన కలువ

అనగనగా ఒక అడవిలో అంటాననుకున్నారు కదూ? కాదర్రా! ఈ కథ ఒక పెరట్లో జరిగింది. దగ్గరికి జరగండి, చెబుతాను.

ఆ పెరడు హైమావతమ్మది. కరివేపాకు చెట్టు పక్కన చిన్న కొలను తవ్వించుకుంది ఆవిడ. ఓ మూల రాళ్ళు పేర్పించి, మోటారు పెట్టించి, నీళ్ళు పైనుంచి కిందికి దూకేలా చేయించింది. బుల్లిదైనా జలపాతం జలపాతమే మరి! ఆ కొలనులో బంగారి అనే ఎర్ర చేప, దాని పిల్లలు, గుండప్ప అనే ముసలి కప్ప, ఒక కలువ మొక్క ఉండేవి.

హైమావతమ్మ రోజూ పొద్దున్నే మరమరాలు తెచ్చేది. బంగారి పైకొచ్చి నోరు తెరిస్తే చాలు, "ఆకలేస్తోందా తల్లీ!" అంటూ గుప్పెడు చల్లేది. బంగారికి ఇది భలే నచ్చింది. ఆకలున్నా లేకపోయినా నోరు తెరవడం మొదలుపెట్టింది. తిండిపోతు చేప!

అయితే కలువ ఆకులు నీళ్ళ మీద గొడుగుల్లా పరుచుకుని ఉండేవి.

"వీటి చాటున నేను ఆవిడకి కనబడట్లేదు," అని బంగారి విసుక్కుని ఓ కాడ మీద నోరు వేసింది.

"నన్ను కొరక్కే బంగారీ," అంది కలువ. "నా నీడ లేకపోతే ఎండంతా లోపలికి దిగుతుంది. పాచి పెరిగిపోతుంది."

"నీ నీడ ఎవరిక్కావాలి?" అని బంగారి ఒక్కో కాడా కొరికేసింది.

"తప్పే అమ్మాయ్," అన్నాడు గుండప్ప.

"నీ బెకబెక గోల ఆపు తాతా!" అంది బంగారి.

ఇంకేముంది! ఎండ అడుగుదాకా దిగింది. తినగా మిగిలిన మరమరాలు కుళ్ళాయి. పాచికి పండగే పండగ. మొదట నీళ్ళు పచ్చబడ్డాయి. తరవాత రాళ్ళకి జిగట పట్టింది. ఆ తరవాత జుట్టులాంటి పాచి మోటారు మూతిని చుట్టేసింది. ఒక పొద్దున జలపాతం ఆగిపోయింది.

నీళ్ళు దూకుతుంటేనే కదర్రా, కొలనులోకి గాలి చేరేది! చేపపిల్లలకి ఊపిరాడలేదు. బంగారి వాటిని పైకి తీసుకొచ్చింది. అన్నీ నోళ్ళు తెరిచి గిలగిల్లాడాయి.

హైమావతమ్మ చూసింది. "అయ్యో, ఇంత ఆకలా!" అని రెండు గుప్పిళ్ళు చల్లింది.

"ఆకలి కాదమ్మా, ఊపిరాడట్లేదు!" అని బంగారి మొత్తుకుంది. మనిషికి చేప మాట తెలుస్తుందా? నోరు తెరిస్తే మరమరాలేనని ఆవిడకి నేర్పింది బంగారే కదా! ఇంతలో అన్నిటికంటే చిన్న పిల్ల పక్కకి ఒరిగిపోయింది.

"గుండప్ప తాతా! నిన్ను నానా మాటలూ అన్నాను. నా పిల్లల్ని కాపాడవూ!" అని ఏడ్చింది బంగారి.

"మాటలదేముందే పిచ్చిదానా, ముందు పిల్లల సంగతి చూద్దాం," అన్నాడు గుండప్ప.

ఒక్క గెంతులో జలపాతం రాయి ఎక్కి, గొంతు చించుకుని అరిచాడు. హైమావతమ్మ "హుష్" అంది. గుండప్ప కదల్లేదు. చప్పట్లు కొట్టింది. కదల్లేదు. చీపురు తీసుకుని దగ్గరికొచ్చింది. అప్పుడు చూసింది, రాయి ఎండిపోయి ఉంది.

"నా మతి మండా! నీళ్ళే రావట్లేదు!"

గబగబా మోటారు ఆపి, పాచి పీకి పారేసి, మళ్ళీ స్విచ్ వేసింది. నీళ్ళు గలగలా దూకాయి. కాసేపటికి ఒరిగిన పిల్ల తోక ఆడించింది. అమ్మయ్య!

"నీ మేలు ఈ జన్మలో మరిచిపోను తాతా," అంది బంగారి.

"నాకు సరే. ఆ కలువకి చెప్పావా?"

బంగారి అడుక్కి వెళ్ళింది. కలువ మొదలు దగ్గర చుట్టగా ముడుచుకున్న కొత్త ఆకు ఒకటి కనబడింది. "ఇన్నాళ్ళూ నీ చల్లదనంలో బతికి నిన్నే కొరికాను. నన్ను క్షమించవే," అంది.

"ఈ ఒక్క ఆకునీ పెరగనియ్యి, చాలు," అంది కలువ.

మర్నాటి నుంచి బంగారి నాలుగు గింజలు తిని వెనక్కి తిరిగేది. "చాలంటావా తల్లీ?" అని హైమావతమ్మ మిగిలినవి డబ్బాలో పోసేసేది.

కొన్నాళ్ళకి ఆకు పైకొచ్చి విచ్చుకుంది. అరచేయంతే ఉంది. పిల్లలన్నీ దాని కిందికి చేరాయి. బంగారికి చోటు చాలక ఎండలోనే ఉండిపోయింది.

"ఫరవాలేదు," అంది బంగారి. ఆ ఆకుని మాత్రం కొరకలేదు.

నీతి: మనకి నీడనిచ్చే వాళ్ళని నీడ ఉండగానే తలుచుకోవాలి, అవసరానికి మించిన ఆశ ఆ నీడనే కొరికిస్తుంది.