శౌరి వాటా

మా చర్చిలో మతపాఠాలు చెప్పే ఇన్నయ్య ఉపదేశిగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. తన పని తాను చేసుకుంటూ పోయేవారు. ఓపిక ఉన్నవాడు కూర్చునేవాడు, లేనివాడు లేచి వెళ్ళిపోయేవాడు. నేను ఆ ఇంటికి భక్తితో కాదు, చదరంగం కోసం వెళ్ళేవాణ్ణి. రాయప్ప మాత్రం ఆయన శిష్యుడు. తానూ ఉపదేశి కావాలని జ్ఞానోపదేశం నేర్చుకుంటూ ఉండేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రాయప్ప అడిగాడు: "తిరిగి రానివాడు చనిపోయాడని ఎప్పుడు ఒప్పుకోవాలండీ?"

అది ఊరికే అడిగిన ప్రశ్న కాదని మాకు తెలుసు. అతని అన్న శౌరి కాకినాడ రేవులో ఓడల సరుకు మోసే బార్జీ మీద పనిచేసేవాడు. కిందటి తుపానులో బార్జీ మునిగింది. మిగిలినవాళ్ళు ఒడ్డుకు చేరారు గానీ శౌరి శవం కూడా దొరకలేదు. శౌరి భార్య, ఆరోగ్యం అని ఆవిడ పేరు, అతను తిరిగొస్తాడంటూ చర్చిలో ఆత్మశాంతి పూజ చెప్పించనివ్వడం లేదు. ఆ పూజ కాకుండా ఆ ఇంట్లో పెళ్ళేమిటని, రాయప్పకు పిల్లనిస్తామన్నవాళ్ళు వేరే సంబంధం వెతకడం మొదలుపెట్టారు.

"మీ వదినను పిలుచుకురా" అన్నారు ఉపదేశిగారు.

ఆవిడ వచ్చేసరికి బల్ల మీద సీసా ఉంది. విదేశీ ఓడలో వంటవాడి దగ్గర శౌరి సంపాదించి తెచ్చిన పోర్టు వైను, వయసులో శౌరికంటే పెద్దది. తీరిక దొరికినప్పుడు కలిసి తాగుదామని ఉపదేశిగారి దగ్గర దాచాడు. మడ్డి అడుక్కి దిగాలంటే అలాంటి సీసాను ముందురోజే నిలబెట్టి ఉంచాలి. రాయప్ప అడగకముందే ఎవరు నిలబెట్టారో గానీ, మడ్డి దిగే ఉంది.

కాలేజీలో మా కెమిస్ట్రీ మాస్టారు చెప్పేవారు, ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో బ్రాందీ కలిపితే పులియడం ఆగిపోతుందని, మిగిలిన తీపి అలాగే ఉండిపోతుందని. ఆయన చుక్క ముట్టని మనిషి, కానీ ఆ పాఠం చెప్పేటప్పుడు మాత్రం పెదవులు తడుపుకునేవారు. సరే, సంగతికి వస్తాను.

బయట ఆకు కదలడం లేదు. మబ్బుకు మధ్యాహ్నమే గది చీకటిపడింది. ఉపదేశిగారు కొవ్వొత్తి వెలిగించి, ఆ వెలుగులో సీసా మెడను చూసుకుంటూ, సన్నటి గుడ్డలోంచి నాలుగు గ్లాసుల్లోకి వడకట్టారు. బార్జీవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. సీసా తెచ్చినవాడి వాటా పోయకుండా ఎవరూ తాగరు. అతను నీళ్ళ మీద ఉంటే ఆ వాటా ఇల్లాలు తాగాలి. చనిపోయినవాడికి మాత్రం పోయరు.

"తాగేది మనం మగాళ్ళం ముగ్గురమే కదండీ, నాలుగోది ఎవరికి?" అన్నాడు రాయప్ప.

"శౌరికి."

"అయితే నా పెళ్ళి అయినట్టే లెండి!"

"నీ పెళ్ళి కోసం మీ అన్నను నా నోటితో చంపమంటావేంటి మరిదీ?" అంటూ ఆరోగ్యం ఆ గ్లాసు అందుకుంది.

తాగాం. ఎండుద్రాక్షా బెల్లమూ కలిసినంత తీపి. ఆరోగ్యం ఒక్క గుక్క తాగి ఆగింది.

"ఉప్పగా ఉందండీ."

"అలవాటు లేదుగా వదినకి" అని నవ్వుతూ రాయప్ప ఆ గ్లాసు తీసుకున్నాడు. చల్లదనానికి చెయ్యి మార్చుకున్నాడు. ఒక గుక్క తాగి, గుమ్మంలోకి పరుగెత్తి ఉమ్మేశాడు. తరవాత నేనూ నాలుక తడిపి చూశాను. రంగు ఎర్రగానే ఉంది. రుచి మాత్రం సముద్రానిది.

ఆరోగ్యం గ్లాసు అడుగున వేలు పెట్టి ఏదో తీసి కొవ్వొత్తి దగ్గర చూసింది. ఇసుక. అంత సన్నటి గుడ్డలోంచి దిగిన ఇసుక. దాన్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు, ఎవరి వీపో నిమిరినట్టు, వేళ్ళతో రాసింది. తరవాత ఆ గ్లాసును పెదవులకు ఎత్తి చుక్క మిగలకుండా తాగేసింది.

"పూజ చెప్పించండి అయ్యగారూ" అని, కొంగు తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

ముందుగా రాయప్పే తేరుకున్నాడు.

"ఈ పని ముందే చేసి ఉంటే నాకీ తిప్పలు తప్పేవి కదండీ! పూజ ఎప్పుడు పెట్టమంటారు? బుధవారం ఫాదర్‌గారికి ఖాళీయే."

ఉపదేశిగారు కొవ్వొత్తి ఆర్పారు.

"నీ గ్లాసులోది ఎలా ఉందిరా?"

"తియ్యగానే ఉందండీ."

"అయితే ఆ రోజేదో ఆ ఉప్పంతా తాగినావిణ్ణే చెప్పనీ."