బండికో గంప ధాన్యం

తాతల తాతలకు కూడా తెలియనంత పాతకాలంలో, ఎత్తయిన కొండల నడుమ కనుమపురం అనే చిన్న రాజ్యం ఉండేది. సుమేధాదేవి అనే రాణి దాన్ని పాలించేది.

కొండ మీది పల్లెల నుంచి కింద సంతకు దిగడానికి అక్కడ ఒకటే దారి. మెలికలు తిరిగిన ఇరుకు దారి. ఎడ్లబండ్లు ఆ దారినే పోవాలి, మనుషులూ ఆ దారినే నడవాలి.

కొండ మీద చుక్కమ్మ అనే ఆమె ఉండేది. భర్త చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. రోజూ తెల్లవారగానే పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని సంతకు దిగేది. ఆ పెరుగు అమ్మితేనే వాళ్లకు కూడు.

ఒకరోజు వాన కురిసి దారంతా జారుడుగా ఉంది. ఈరన్న అనే బండివాడు చింతపండు బస్తాలు వేసుకుని నెమ్మదిగా దిగుతున్నాడు. మలుపు దగ్గర ఎద్దు కాలు జారింది. బండి ఒరిగి, ముందు నడుస్తున్న చుక్కమ్మను పడగొట్టింది. చక్రం ఆమె కాలి మీదుగా పోయింది.

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఈరన్న తన దారిన తాను పోయినా అడిగేవాడు లేడు. కానీ అతను బస్తాలన్నీ అక్కడే దించేసి, ఆమెను బండిలో పడుకోబెట్టి వైద్యుడి దగ్గరకు చేర్చాడు.

వైద్యుడు కాలు చూసి నిట్టూర్చాడు. "ఎముక అతకడానికి చాలాకాలం పడుతుంది. అతికినా ఇక బరువులు మోయలేదు."

"నీ పిల్లల్ని పస్తు పడుకోనివ్వను అక్కా," అన్నాడు ఈరన్న.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. కూలికి వచ్చిన గింజలు ముందు చుక్కమ్మ ఇంట్లో పోసి, మిగిలినవి తన ఇంటికి తీసుకుపోయేవాడు. మిగిలేవి ఏపాటి? అతని భార్య చంటిబిడ్డకు గంజినీళ్లు పట్టేది. చివరికి ఈరన్న ఒక ఎద్దును అమ్మేశాడు. ఒంటెద్దుతో బండి కదలదు కదా! కూలి కూడా పోయింది.

ఈ సంగతి విని చుక్కమ్మ ఉండలేకపోయింది. కూతుళ్ల భుజాలు పట్టుకుని, కుంటుకుంటూ రాణిగారి కొలువుకు వెళ్లింది.

"అమ్మా, ఈరన్నను దండించమని అడగడానికి రాలేదు. అతను మంచివాడు. అతను పెడితే నా పిల్లలు తింటారు, అతని బిడ్డ మాడుతుంది. పెట్టకపోతే నా పిల్లలు మాడతారు. ఒక్క చక్రం రెండిళ్ల మీదుగా పోయింది తల్లీ! మేమేం చేయాలి?"

రాణి కళ్లు చెమర్చాయి. అప్పటికప్పుడు రెండిళ్లకూ తిండిగింజలు పంపింది. ఈరన్నకు ఎద్దును ఇప్పించింది. కానీ ఆమె మనసు కుదుటపడలేదు. రేపు ఇంకొకరు పడతారు. పడినవాళ్లందరికీ ఈరన్నలాంటివాడు దొరుకుతాడా?

మొదట ఆమె, "బండి తగిలి ఎవరికి గాయమైనా తోలినవాడికి చెరసాల," అని చాటింపు వేయించింది. బండివాళ్లు హడలిపోయారు. ఎవరికైనా బండి తగిలితే ఎద్దుల్ని అదిలించి పారిపోసాగారు. ఒక ముసలి గొర్రెలకాపరి పొద్దుగూకేదాకా దారి పక్కన మూలుగుతూ పడి ఉన్నాడు. రాణి ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకుంది.

రెండోసారి, "గాయపడినవాళ్లను కోట గాదెలోని ధాన్యంతో పోషిస్తాం," అంది. కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత బండివాళ్లకు వెరపు పోయింది. "ఎవరైనా పడితే రాణిగారే చూసుకుంటారులే," అని సంతకు పందెం వేసినట్టు తోలసాగారు. గాదె అడుగంటింది. అప్పుడు రైతులు వచ్చి మొరపెట్టుకున్నారు. "అమ్మా, అవి కరువు కోసం మేం దాచుకున్న గింజలు. మాకు బండ్లే లేవు. ఆ భారం మాకెందుకు?"

ఆ మాట న్యాయమే అనిపించింది రాణికి.

మూడోసారి ఆమె బండివాళ్లందరినీ పిలిపించింది. "ప్రతి పంటకూ బండికో గంప ధాన్యం వేరే గాదెలో పోయాలి. బండ్ల వల్ల గాయపడినవాళ్లకు కోలుకునేదాకా తిండీ, మందూ అందులోంచే. దురుసుగా తోలేవాడు రెండు గంపలు పోయాలి. పోయనివాడి బండి కనుమదారి ఎక్కకూడదు."

కేశప్ప అనే ముసలి బండివాడు లేచాడు. "మహారాణీ, తోలి తోలి నా తల నెరిసింది. ఇంతవరకు నా బండి ఎవరికీ తగల్లేదు. ఎవరో చేసినదానికి నేనెందుకు పోయాలి? ఇష్టమున్నవాళ్లు పోసుకుంటారు, బలవంతమెందుకు?"

కొలువులో చాలామంది తలలు ఊపారు. అప్పుడు, రాణి పిలిపించగా వచ్చి ఒక పక్కన కూర్చున్న చుక్కమ్మ మాట్లాడింది.

"పెద్దయ్యా, ఈరన్న కూడా జాగ్రత్తగానే తోలాడు. నేనూ అంచునే నడిచాను. అయినా పడ్డాను. మీ బండి ఎవరికీ తగలకూడదనే నేనూ కోరుకుంటాను. కానీ గింజలు పోసిన బండి ఏదో, పోయనిది ఏదో చూసుకుని ఎవరూ దాని కింద పడరు కదా!"

పంట రాగానే కేశప్ప గొణుక్కుంటూనే తన గంప నిండా పోశాడు. రాణి ఆ గాదె దగ్గర గింజలు కొలిచే పని చుక్కమ్మకు అప్పగించింది.

మరుసటి ఎండాకాలం, మలుపు దగ్గర కందిరీగలు లేచి కేశప్ప ఎద్దుల్ని కుట్టాయి. అవి బెదిరి పరుగు తీశాయి. ఎదురుగా వస్తున్న, గాజులు అమ్ముకునే అతన్ని బండి కొట్టేసింది. గాజులన్నీ చెల్లాచెదరయ్యాయి. అతని చేయి విరిగింది.

కేశప్ప ఎలాగో ఎద్దుల్ని నిలిపి గబగబా దిగాడు. అటూ ఇటూ చూడలేదు. నేల మీద కూర్చుని అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు.

"తాతా, నేను పరదేశిని," అన్నాడు గాజులు అమ్ముకునే అతను ఏడుస్తూ. "ఇక్కడ నాకెవరూ లేరు. ఈ చేత్తో ఎలా బతకను? నన్నెవరు చూస్తారు?"

"భయపడకు నాయనా," అన్నాడు కేశప్ప. "ఈ దారిన పోయే బండ్లన్నీ నిన్ను చూస్తాయి."

అందరూ నడిచే దారిలో బండి తోలేవాళ్లందరూ, దానివల్ల గాయపడేవాడి భారాన్ని ముందుగానే తలా కాస్త పంచుకోవాలి. అప్పుడే పడినవాడూ బతుకుతాడు, తోలినవాడూ నిలబడతాడు.