ఒకటిన్నర శ్రుతి

వైశాఖ శుద్ధ ఏకాదశి, బుధవారం, సాయంత్రం ఆరున్నర. యశోదమ్మగారి ఇంట్లో భజనకు దీపం పెట్టారు. పదో తరగతి ఫలితాలొచ్చి వారం కాలేదు. ఏటా ఊళ్లో ఒక బిడ్డను ఆ ఇల్లే పట్నం కాలేజీలో చదివిస్తుంది. ఈసారి ఎవరన్నది తెల్లారేసరికి తేలాలి.

ఆవిడ శిష్యుడు, హైస్కూలు మాస్టారు శేషాచలం, హార్మోనియం ముందు కూర్చుని అడిగాడు.

"అమ్మా, మార్కులు నూకరత్నానికే ఎక్కువ, కాదనను. కానీ ఆ పిల్లకు ధైర్యమేదీ? పైచదువు మాటెత్తితే బొటనవేలితో నేల గీస్తుంది. మా తమ్ముడి కొడుకు వంశీ లెక్కల్లో గట్టెక్కడమే గగనం, అయినా ఇంజనీర్నవుతానని ఠకీమని చెప్పాడు. ఆ తెగువ పుట్టుకతో రావాలి కదా?"

అమ్మగారు వాకిలి వైపు చూశారు. గుమ్మం అవతల, చెప్పుల పక్కన, జీడిగింజలు ఒలిచి వేళ్లు నల్లబడిన తల్లిని ఆనుకుని కూర్చుంది నూకరత్నం. ఊరవతల పేటవాళ్లు ఆ ఇంటి లోపలికి రారు. రావద్దని ఎవరూ అనరు; రమ్మనీ ఏనాడూ అనలేదు.

"లోపలికి రా రత్నం, కీర్తన ఎత్తుకో," అన్నారు అమ్మగారు.

శేషాచలం అలవాటుగా ఒకటిన్నర శ్రుతి పట్టాడు. మగవాళ్ల గొంతుకు అమరేది అదే, ఆ ఇంట్లో భజనంతా దాని మీదే. కింది స్వరాల్లో పిల్ల గొంతు వినబడలేదు, పై స్వరాల్లో చీలిపోయింది.

"జీడి ఫ్యాక్టరీ సైరను, పెదనాన్నా!" కిసుక్కుమన్నాడు పక్కనే కూర్చున్న వంశీ.

"చూశారా అమ్మా, గొంతులోనే బెదురు," అన్నాడు శేషాచలం జాలిగా.

ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరుగని అమ్మగారి ముఖం జేవురించింది. హార్మోనియం తన ముందుకు లాక్కుని శ్రుతి ఐదుకు పెంచారు. "ఇప్పుడు పాడు తల్లీ."

ఇల్లంతా పాట నిండింది. గుమ్మం బయట తల్లి లేచి నిలబడింది. చరణం అందుకోబోయిన శేషాచలానికి పైస్థాయిలో గొంతు పట్టేసి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వంశీ పెదవులు మాత్రం కదిపాడు.

"ఏం నాయనా, బెదురా?" అని శేషాచలాన్ని అడిగి, అమ్మగారు పిల్ల వైపు తిరిగారు. "బళ్లో మాస్టారు పైచదువు గురించి నిన్నేమని అడిగారే?"

"'మీ అమ్మ ఇంకా చదివిస్తుందా, జీడిపనికి పంపేస్తుందా' అన్నారండి."

"వంశీని?"

"'ఏమవుతావురా' అన్నారండి."

శేషాచలం తల ఎత్తలేదు. ఆ రెండు ప్రశ్నలూ తనవే. ఒకే గదిలో, ఒకే పూట, నవ్వుతూ అడిగాడు.

మర్నాడు ద్వాదశి పారణకు ఆ ఇంటివాళ్లు తల్లినీ పిల్లనీ లోపల పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించి, నూకరత్నాన్ని పట్నం బస్సెక్కించారు. బస్సు దగ్గర్నుంచి తిరిగొచ్చి హార్మోనియం తుడుస్తూ శేషాచలం మెల్లగా అడిగాడు.

"ఇకమీదట ఏ శ్రుతి పట్టమంటారమ్మా?"

"నన్నెందుకు అడుగుతావు? పాడేవాళ్లను అడుగు," అన్నారు అమ్మగారు.