పాపాయమ్మ పెరట్లో తుంగ

అనగనగా ఒక కోట, కోట బయట ఒక పేట. పేట చివర మూడు ఇళ్లు, మూడిళ్ల వెనకా మూడు పెరళ్లు. పేరుకే పెరళ్లు. ఎటు చూసినా మోకాలెత్తు తుంగ.

మొదటి ఇల్లు వర్తకుడు ధర్మయ్యది. రెండోది రాజుగారి కొలువులో పనిచేసే కేశవరాయుడిది. వాళ్లిద్దరికీ ఒళ్లు వంగక పెరళ్లు అలా అయ్యాయి. మూడోది పాపాయమ్మది. ఆవిడ ఆరేళ్లు మంచాన పడ్డ తల్లికి సేవ చేసుకుంటూ పెరటి మొహమే చూడలేదు. తల్లి పోయింది. ఇల్లూ పెరడూ మిగిలాయి. ఆవిడకు ఈ లోకంలో ఉన్నది అంతే.

ఒకనాడు పేటలో డప్పు మోగింది. "మూడు పున్నముల గడువు! అప్పటికి కలుపు తీయని పెరడు, ఇంటితో సహా రాజుగారి సొంతం!"

పాపాయమ్మ వెంటనే కొడవలి పట్టి, రెండు రోజుల్లో తుంగంతా కోసి పారేసింది. వారం తిరగకుండా అది మళ్లీ నిగనిగలాడుతూ లేచింది. మొదటి పున్నమి వెళ్లిపోయింది.

ఈసారి పార పట్టింది. నేలంతా తెగనరికి తిరగేసింది. ఏం లాభం? ఒక మొక్క ఉన్నచోట పది లేచాయి. రెండో పున్నమీ వెళ్లిపోయింది. పాపాయమ్మ పార విసిరికొట్టి, "నీ దుంప తెగ!" అని తుంగను తిట్టిపోసింది.

కంచె అవతల ఒక ఊరపంది కిసుక్కున నవ్వింది.

"దుంప తెగబట్టే పది లేచాయి పాపాయమ్మా. ఆకుతో నీకేం పని? అసలుది కింద ఉంది. మూరెడు లోతున దారానికి గుచ్చిన పూసల్లా ఉంటాయి గడ్డలు. ఒక్కటి వదిలినా మళ్లీ మొదటికొస్తావు."

"నీకెలా తెలుసే?"

"నా తిండి సంగతి నాకు తెలియదటమ్మా?"

ఇంకొకరైతే పందిని రాయి పెట్టి కొట్టేవాళ్లు. పాపాయమ్మ కంచె తలుపు తీసింది. పంది ముట్టెతో తవ్వింది, ఆవిడ మన్ను జల్లెడ పట్టింది. దొరికిన గడ్డ దొరికినట్టు పందికే పెట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం విరిగినంత పనైంది. అయినా ఒక్క జానెడు నేల కూడా వదల్లేదు.

తర్వాత పెరడంతా కొత్తగా తీర్చింది. నడవడానికి బాట వేసింది. బాటకు రెండు వైపులా మళ్లు కట్టింది. బావి పక్కన పందిరి వేసి ఆనపవిత్తులు పెట్టింది. ఒత్తుగా అల్లుకునే మొక్కల నీడలో తుంగ బలపడదు కాబట్టి మళ్లనిండా అలసందలు చల్లింది. గడువు నాటికి అవి రెండేసి ఆకులు మాత్రమే వేశాయి.

మరి ఆ ఇద్దరు పెద్దమనుషులూ? వాళ్ల నిర్వాకం కూడా వినండి! గడువుకు సరిగ్గా ముందురోజు ధర్మయ్య తుంగ పైపైన కోయించి, దానిమీద బండ్లకొద్దీ ఏటి ఇసుక పోయించాడు. ఇసుక మీద పూలకుండీలు పెట్టించాడు. కేశవరాయుడైతే తుంగ కోయించి, కోటలోని తోటనుంచి పూలకొమ్మలు విరిపించి తెచ్చి నేలలో గుచ్చించాడు. వేరులేని తోట! సిగ్గుండాలి కదా మనిషికి!

మూడో పున్నమినాడు రాజు గుర్రంమీద వచ్చాడు. ఆయన ముందు తోటల అధికారి పల్లకిలో వచ్చాడు. దిగనైనా దిగలేదు.

"ధర్మయ్య తోట భేష్! కేశవరాయుడిది నందనవనం! ఈ మూడోది చూడండి ప్రభూ, అంతా బోడినేల. ఈ ఇల్లు తీసుకోవలసిందే."

పాపాయమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి?

"పల్లకి దిగకుండా తీర్పు చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందయ్యా?" అని అధికారిని నిలదీసింది. రాజు వైపు తిరిగింది. "ప్రభూ, ఈ పందిని మూడు పెరళ్లలోకీ వదలండి. తుంగగడ్డ ఉన్నచోట ఇది తవ్వకుండా ఉండలేదు. నా పెరట్లో ఒక్క గడ్డ తీసినా ఈ క్షణమే ఇల్లు వదిలిపోతాను."

అధికారి పకపకా నవ్వాడు. రాజు నవ్వలేదు. "వదలండి," అన్నాడు.

ధర్మయ్య పెరట్లో కుండీలు దొర్లాయి, ఇసుక చెల్లాచెదురైంది, పంది కరకరా నమిలింది. కేశవరాయుడి పెరట్లో కొమ్మలన్నీ ఒరిగిపోయాయి, పంది ఇంకా గట్టిగా నమిలింది. పాపాయమ్మ పెరట్లో మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా వాసన చూసి, "ఇక్కడ నాకు తిండి లేదు ప్రభూ," అంది.

రాజు గుర్రం దిగాడు. ఇసుక కిందనుంచి ఒక గడ్డ తీసి అధికారి చేతిలో పెట్టాడు. "వచ్చే పున్నమిలోగా ఆ ఇద్దరితో కలిసి ఈ రెండు పెరళ్లూ నువ్వే తవ్వు. గడ్డ మిగిలిందో, నీ కొలువు పోయినట్టే."

తర్వాత పాపాయమ్మతో, "అమ్మా, నీ ఇల్లు నీదే. ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"నా ఇల్లు నాదని మీరు చెప్పాలా ప్రభూ?" అంది పాపాయమ్మ. "మా అమ్మ ఆరేళ్లు మంచంలో ఉంటే, ఎలా ఉన్నారని అడిగినవాడు లేడు. పెరట్లో గడ్డి మాత్రం అందరికీ కనబడింది. ఇకమీదట లాక్కునేముందు ఒక్కమాట అడగండి. నాకింకేం వద్దు."

రాజు తల దించుకున్నాడు. ఇళ్లు లాక్కునే ఆ ఆజ్ఞను అప్పటికప్పుడే రద్దు చేశాడు.

పైపైన కోసి, పైపైన కప్పి దాచిన తప్పు మళ్లీ లేస్తుంది. వంగి మొదలుదాకా తవ్వినవాళ్లే దాన్ని వదిలించుకుంటారు.