బొడ్డువారి ఉమ్మడి సీసా

బొడ్డువారి అన్నదమ్ములంత తెలివైనవాళ్ళు లేరని ఊరంతా చెప్పుకోవాలని వాళ్ళ కోరిక. ఊరు చెప్పుకోలేదు గనక వాళ్ళే చెప్పుకునేవారు. పెద్దాడు పైడయ్య, నడిపోడు కొండలు, చిన్నోడు గవరయ్య. ముగ్గురూ ఇరవై దాటినవాళ్ళే. ఆ ఇంట్లో ఏదీ వేరు కాదు. తువ్వాలు ఒకటే, చెప్పులజత ఒకటే. నా పలుగు కూడా ఉమ్మడే అనుకుని పట్టుకుపోయి ఏడేళ్ళయింది, ఇంకా తేలేదు.

పైడయ్యకి రాములమ్మతో పెళ్ళి కుదిరింది. ఆ పిల్ల గట్టిది. "సుఖరోగం లేదని కాగితం తెస్తేనే తాళి కట్టించుకుంటాను" అంది. ఆ వారమే ఆరోగ్యం బండి వచ్చింది. వయసులో ఉన్నవాళ్ళు ఆ టెస్టు చేయించుకుంటే మనిషికి మూడొందలట. అంతే, ముగ్గురూ పరుగు.

నర్సమ్మ తలా ఒక సీసా ఇచ్చి ఒంటేలు పోసి తెమ్మంది.

"మూడు సీసాలేంటన్నా? వేరుపడ్డామనుకోరూ?" అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, ఒకే చెంబులో పోసి, బాగా కలిపి, మూడు సీసాలూ సమానంగా నింపి ఇచ్చారు. మూడొందలేసి పుచ్చుకున్నారు.

నాలుగోనాడు నర్సమ్మ పిలిచి, "ముగ్గురికీ రోగముంది" అంది.

"చూశావా, ఎవరికీ తక్కువ రాలేదు" అని మురిసిపోయాడు కొండలు.

చెంబు సంగతి విని ఆవిడ తల పట్టుకుంది. "మళ్ళీ విడివిడిగా పోసుకురండి. ఈసారి డబ్బుల్లేవు."

"రోగం ఉన్నప్పుడు మూడొందలిచ్చి, లేకుండా పోయేటప్పుడు ఏమీ ఇవ్వకపోతే ఎవరు బాగుపడతారమ్మా?" అని గవరయ్య కోప్పడ్డాడు. అయినా పోశారు.

రోగం కొండలు ఒక్కడిదే అని తేలింది. నర్సమ్మ వాడికి మాత్రలిచ్చి, పెళ్ళికొడుక్కి "పైడయ్యకు రోగం లేదు" అని కాగితం రాసిచ్చింది. కాగితం ఒక్కడికేనా? దార్లోనే మాటకో ముక్కగా చింపి పంచుకున్నారు.

పెళ్ళిపీట మీద రాములమ్మ చెయ్యి చాపింది. పైడయ్య తన ముక్క ఇచ్చాడు.

"పైడయ్యకు... ఏంటి?"

కొండలు తన ముక్క అందించాడు. రోగం అని ఉంది. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

"మూడోదేది?"

"'లేదు' అన్నదా వదినా? అది చిన్నోడి వాటా. నాకు జబ్బని జాలిపడి ఇచ్చేశాడు. నీళ్ళతో మింగేశాను, ఇప్పుడు నాకూ లేదు" అన్నాడు కొండలు. "మాత్రలు మిగిలాయి. అక్షింతల్లో కలిపేశాం, అందరికీ వస్తాయి."

రాములమ్మ పీట దిగి వెళ్ళిపోయింది.

పీట ఖాళీగా ఉంటే బాగోదని తమ్ముళ్ళిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. "కానివ్వండి పంతులుగారూ" అన్నాడు పైడయ్య. "ముగ్గురికీ కలిపి ఒకటే తాళి."