తేనెరంగు ఆయిల్

“పెళ్ళయినా సరే, ఏమయినా సరే, ఆదివారం మాత్రం బండిదే.”

ఈ మాట ఓబులేసుది. పెళ్ళికి పదిరోజుల ముందు, గ్రీజు చెయ్యి నా భుజమ్మీద వేసి మరీ అన్నాడు. చొక్కా మీద మరక ఇంకా పోలేదు. మాట మాత్రం రెండు ఆదివారాలు నిలిచింది. మూడో ఆదివారం నుంచి అతను రాలేదు.

బండి మా ఇద్దరిదీ, ట్యూషన్లు చెప్పుకునే నాదీ, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఓబులేసుదీ. పాత టర్బో కారు. తుక్కు కొట్టుకు పోతున్నదాన్ని కలిసి కొన్నాం. నంద్యాలలో మా గురువు హుసేన్ పీరా ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకుని, నాలుగేళ్ళపాటు ఒక్కో నట్టూ విప్పి మళ్ళీ బిగించాం. హుసేన్ పీరా బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. మేం ఉస్తాద్ అంటాం. ఆయన చెప్పడం తక్కువ. మేం తప్పు చేస్తుంటే పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, వక్క నములుతూ, అది తప్పని మాకే తెలిసేదాకా చూస్తుంటాడు.

పనులు ఎవరూ పంచలేదు, వాటంతటవే పంచుకుపోయాయి. బండికి బలం పెంచే పనులన్నీ నావి. ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు చూడడం, గొట్టాలు తుడవడం ఓబులేసువి.

అతను రావడం మానేయగానే నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో రాశాను. మాట తప్పడమంటే ద్రోహమని, సమష్టి శ్రమకు వెన్నుపోటు అని, సంసారం మనిషిని సొంత గేటుకు కట్టేస్తుందని. “ఒకసారి కలిసి మాట్లాడుకుందాం రా” అని జవాబిచ్చాడు. రాజీపడేవాళ్ళతో మాటల్లేవని రాసి, అతని నంబరు నాకు రాకుండా ఆపేశాను. అది జరిగి మూడు నెలలు.

ఆ మూడు నెలల్లో నేనొక్కణ్ణే కొత్త వాల్వ్ బిగించాను. టర్బో బండిలో యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే, అప్పటిదాకా ఒత్తిడితో వచ్చిన గాలి ఎటో ఒకవైపు పోవాలి. కంపెనీ వాళ్ళు దాన్ని ఒక గొట్టంలోంచి చప్పుడు లేకుండా మళ్ళీ లోపలికే తిప్పుతారు. నేను ఆ గొట్టం పీకేసి, గాలి నేరుగా బయటికే పోయేలా చేశాను. కాలు తీస్తే చాలు, బుస్సుమని వీధి వీధంతా తిరిగి చూడాల్సిందే. అణచిపెట్టింది ఏదైనా బద్దలు కొట్టుకుని బయటపడాల్సిందేనని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఆ ఆదివారం బైపాస్ దాకా వెళ్ళి వచ్చేసరికి బండి ఆరుసార్లు ఆగిపోయింది. ఏడోసారి ఉస్తాద్ వాకిట్లోనే ఆగింది.

“ఉస్తాద్, మీరు తీర్పు చెప్పాలి” అన్నాను దిగుతూనే.

“బండికా, నీకా?”

“ఓబులేసుకి. దున్నేవాడిదే భూమి అయినప్పుడు పనిచేసేవాడిదే బండి. మూడు నెలలుగా నేనొక్కణ్ణే చేస్తున్నాను. ఇందులో అతని వాటా రద్దు చేయాలి.”

“ఎవరు చేయాల రద్దు?”

“మీరే.”

“నేను బస్సులు చూసినోణ్ణి నాయనా. జడ్జీని కాదు.”

వంటింటి గడపలోంచి ఆయన భార్య ఖాసింబీ గ్లాసు చాపింది. “ముందు టీ తాగు. తర్వాత రద్దు చేద్దువు. చల్లారిపోతాంది.”

నేను టీ తాగుతూ కూడా ఆపలేదు. చరిత్ర క్షమించదన్నాను. ఉదాసీనత కూడా నేరమేనన్నాను. ఉస్తాద్ అంతా విన్నాడు. విని, లేచి, బానెట్ ఎత్తాడు.

“స్టార్ట్ చేయి. రేసిచ్చి వదులు.”

ఇచ్చి వదిలాను. బుస్సుమంది. ఇంజన్ వణికి, దగ్గి, ఆగిపోయింది.

“గాలి యాడికి పాయె?”

“బయటికి.”

“ఆ సంగతి ఇంజన్‌కు ఎరికేనా?”

గాలి లోపలికి వచ్చేటప్పుడే, ఫిల్టర్ పక్కనున్న సెన్సర్ దాన్ని కొలిచేస్తుంది. ఆ కొలతకు తగ్గట్టు ఇంజన్ పెట్రోలు పోస్తుంది. గాలి మధ్యలోనే వెళ్ళిపోయిందని దానికి తెలీదు.

“ఎరికలేదు” అన్నాను. “వస్తుందనుకుని పెట్రోలు పోస్తూనే ఉంటుంది.”

“పోసి పోసి గొంతు పట్టుకపోతాది, పాపం.”

ఆయన షెడ్డు గోడ దగ్గరికి వెళ్ళాడు. నేను పీకి మూలకు గిరాటేసిన పాత వాల్వ్, దాని గొట్టం అక్కడ మేకుకు వేలాడుతున్నాయి. ఎవరో శుభ్రంగా కడిగి పెట్టారు. ఉస్తాదే అనుకున్నాను. నా చేతికిచ్చాడు. నేను కొత్తది విప్పి పాతది బిగించాను.

తాళం తిప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆయిల్ చూడు.”

“ఆయిల్ బాగానే ఉంటుంది ఉస్తాద్, ముందు వాల్వ్...”

“చూడు.”

అప్పుడు తట్టింది నాకు. మూడు నెలలుగా నేను ఆయిల్ ముట్టుకోలేదు. ఓబులేసు రావట్లేదని తిట్టానే గాని, అతను చేసే పని ఒకటుందని, అది అతనితోపాటు ఆగిపోతుందని ఒక్కసారీ అనుకోలేదు. గాలిని లోపలికి నెట్టే టర్బో చక్రం నిమిషానికి లక్షసార్లు తిరుగుతుంది. అది తిరిగేది వెంట్రుకవాసి ఆయిల్ పొర మీద. ఆ పొర మాడిపోతే నాలుగేళ్ళ పని ఒక్క క్షణంలో బూడిద. నేను మాత్రం ప్రతి ఆదివారం బండిని చావగొడుతూనే ఉన్నాను.

ఆయిల్ కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్ లాగాను. గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ లాగాను. తారులా ఉంటుందని కళ్ళు సగం మూసుకునే చూశాను.

తేనెరంగు. పైగీతకు సరిగ్గా ఆనుకుని ఉంది.

“మీరు మార్చారా ఉస్తాద్?”

“నా మోకాళ్ళు బండి కిందికి దూరి రెండేళ్ళాయె.”

“మరి?”

ఆయన వక్క నములుతున్నాడు. గడపలోంచి ఖాసింబీ అంది: “గురువారం గురువారం వస్తాడు గదా ఆ పిల్లోడు! మొన్న గూడా కింద పండుకోని గంటసేపు చేసిపాయె.”

“చెప్పద్దన్నాడు గదే వాడు!” అన్నాడు ఉస్తాద్.

“నీకు చెప్పద్దన్నాడు. నన్నెవురన్నారు?”

నేను డిప్‌స్టిక్ వెలుతురులోకి తిప్పి చూశాను.

“సిమెంటు ఫ్యాక్టరీలో వానికి ఇప్పుడు సెలవు గురువారమంట” అంది ఖాసింబీ. “వాని పెండ్లాం నర్సు. ఆమెకు ఆదివారమొక్కటే సెలవు. ఆ పొద్దు మాత్రం వీడు డ్యూటీ రాత్రికి మార్పించుకుంటాడు. ఇద్దరూ ఒక కంచం దగ్గర కూచ్చునేది ఆ ఒక్కపూటే.”

“నాకు ఒక్కమాట చెప్పచ్చు కదమ్మా.”

“ఎట్ల చెప్తాడు? నంబరు ఆపేస్తివంట.”

తల దించుకున్నాను. ఆమె వదల్లేదు. “పనిచేసేవాడిదే బండి అంటివి. ఇప్పుడెవురిదబ్బా?”

“ఊరుకోవే” అన్నాడు ఉస్తాద్ నెమ్మదిగా. “పిల్లోడు ఆయిల్ చూస్తాండాడు.”

చాలాసేపు చూశాను. కడ్డీ కొస నుంచి ఒక చుక్క సాగి, నా చెప్పు మీద పడింది.

“ఆ కొత్త వాల్వ్ అతను చూశాడా ఉస్తాద్?”

“చూసినాడు.”

“తప్పని తెలుసా?”

“తెలుసు.”

“మరి తీసేయలేదేం?”

“నీకు ఆ సప్పుడంటే ఇష్టమంట. ఉండనీలే అన్నాడు. పాతది కడిగి మేకుకు తగిలిచ్చిపాయె.”

నాకు అప్పటిదాకా బోలెడు మాటలు వచ్చు. వాటిలో ఒక్కటీ పనికి రాలేదు.

బండి స్టార్ట్ చేశాను. రేసిచ్చి వదిలాను. బుస్సుమనలేదు. వీధిలో ఎవరూ తిరిగి చూడలేదు. ఇంజన్ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు తగ్గి, నిలబడి, నెమ్మదిగా తిరుగుతూ ఉండిపోయింది. ఉస్తాద్ ముందు మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, జ్వరం తగ్గిన బిడ్డ నుదురు చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత నన్నేమీ అడగకుండా నమాజుకు వెళ్ళిపోయాడు.

ఇంజన్ ఆపాను. ఫోన్ తీసి ఓబులేసు నంబరుకు అడ్డు తీసేశాను. మాట్లాడదామనుకున్నాను గాని, ఆ పూట ఆదివారం మధ్యాహ్నం. వాళ్ళు అన్నం తింటుంటారు.

ఖాసింబీ దగ్గర పాత క్యాలెండర్ కాగితం అడిగి తీసుకున్నాను. వెనకవైపు రాశాను. మొదట రాసింది చింపేశాను, అందులో “చారిత్రక తప్పిదం” అని వచ్చింది. రెండోది చిన్నగా వచ్చింది. దాన్ని మడిచి, గురువారం అతను మొదట చెయ్యి పెట్టేచోట, డిప్‌స్టిక్ పిడికి దారంతో కట్టాను.

“ఓబులేసూ, ఆయిల్ చూశాను. ఈ పొద్దే మొదటిసారి. గురువారం ట్యూషన్లు సాయంత్రానికి మార్చుకోగలను. పొద్దున నేనూ రావచ్చా? బండి కింద నువ్వే పడుకో, నేను గుడ్డ అందిస్తాను. పై గురువారం, ఫిబ్రవరి ఇరవై ఆరు లోపల నాకు జవాబు కావాలి.”